మంచు కింద చప్పుడు

మంచు మీద సుద్దముక్కతో బాణం గుర్తు గీశాక గాని, తను ఏం చేస్తున్నాడో రాయమల్లుకు తెలిసిరాలేదు. తెల్లటి మంచు. తెల్లటి సుద్ద. లేచి నిలబడి చూస్తే బాణం ఎక్కడుందో గీసినవాడికే కనపడలేదు.

వెనక నుంచి అలీముద్దీన్ నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది.

"ఇరవై ఏడేండ్ల సర్వీసు మల్లూ! బొగ్గు మీద రాసి రాసి చెయ్యికి గదే అలవాటైంది."

"నవ్వకు అలీ భాయ్. ఊపిరి దాచుకో" అన్నాడు రాయమల్లు.

చుట్టూ ఏమీ లేదు. పది నిమిషాల క్రితం ఎదురుగా ఏడు శిఖరాలు ఉన్నాయి. రాయమల్లు కూతురు సహస్ర వేలు పెట్టి మరీ లెక్కపెట్టింది. ఇప్పుడు ఆమె వేలు కూడా సరిగ్గా కనపడటం లేదు. కింద లోయలోంచి మేఘం లేచి వచ్చి ముగ్గురినీ మింగేసింది. పైన తెలుపు, కింద తెలుపు. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఒక్క గీత లేదు.

చీకటి పడడానికి ఇంకా నాలుగైదు గంటలుంది. ఈలోగా అలీముద్దీన్‌ను కిందికి దింపాలి. రాత్రి ఇక్కడే ఉండిపోతే అతని ఊపిరితిత్తులు తెల్లారేదాకా పనిచెయ్యవు.

ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. 

* * *

రాయమల్లు, అలీముద్దీన్ గోదావరిఖనిలో ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేస్తారు. రాయమల్లు టింబర్‌మన్. గని పైకప్పును కట్టెతో తట్టి, చప్పుడు విని, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ దిమ్మె నిలబెట్టడం అతని పని. అలీముద్దీన్ బొగ్గుకు మందుపెట్టి పేల్చేవాడు. పేలిన ప్రతిసారీ లేచే దుమ్ములో కొంత ఇరవై ఏడేళ్లుగా అతని ఛాతీలోకి చేరుతూ వచ్చింది.

గని మీద హాజరు వేసే గదిలో ఒక పాత క్యాలెండరు ఉండేది. సంవత్సరం ఎప్పుడో దాటిపోయినా ఎవరూ దాన్ని తియ్యలేదు. దాని మీద మంచుకొండ బొమ్మ. రోజూ మస్టర్ పడగానే అలీముద్దీన్ దాన్ని ఒకసారి చూసి కిందికి దిగేవాడు. టిఫిన్ వేళ, ఉక్కపోతలో, బొగ్గు గోడకు వీపు ఆనించి తలమీది దీపం ఆర్పేసేవాడు.

"మల్లూ, నీ లైటు కూడ బంద్ చెయ్యి. కండ్లు మూసుకో. మనం ఇప్పుడు మంచుల కూసున్నం."

"మంచు చప్పుడు ఎట్లుంటది అలీ భాయ్?"

"గది పోయి చూస్తెనే ఎరుకైతది."

రెండు వేల ఎనిమిది జూన్‌లో కంపెనీ ఖర్చుతో మనాలికి సెలవు ప్రయాణం మంజూరైంది. రాయమల్లు భార్య పూలమ్మ రానంది. "మంచు చూసుటానికి గంత దూరం పోవుడెందుకు? ఫ్రిజ్జు తలుపు తీస్తె కనవడదా?" అంది. కానీ అక్కడ అమ్మవారి గుడి ఉందని విని, కుంకుమ పొట్లం కట్టి కూతురు సంచిలో పెట్టింది. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ బడిలో పాఠాలు చెప్పే సహస్ర టికెట్లు, హోటలు, దారి, అన్నీ తనే చూసుకుంది.

రామగుండం స్టేషన్‌లో రైలు కదిలే ముందు అలీముద్దీన్ భార్య మైమూనా కిటికీ దగ్గరికి వచ్చింది. భర్తతో కాదు, రాయమల్లుతో మాట్లాడింది.

"భాయ్, ఈన ఎవరి మాట ఇనడు. ఎక్కువ మెట్లు ఎక్కొద్దని దవాఖానల చెప్పిండ్రు. ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తేవాలె."

"తెస్త భాభీ. నా జిమ్మెదారి."

"కొండకు మెట్లుంటయా?" అన్నాడు అలీముద్దీన్ లోపలి నుంచి.

* * *

ఆ పొద్దున గుర్రాలు అద్దెకు తిప్పే నోర్బు వాళ్లను గొర్రెలకాపరుల రాతిగుడిసె దాకా తెచ్చాడు. గుడిసె పక్కన చిన్న వాగు. అక్కడి నుంచి మంచు అంచు కూతవేటు దూరమే. గుర్రం మంచులోకి రాదు కాబట్టి నోర్బు గుడిసె దగ్గరే ఉండి పొయ్యి వెలిగించాడు. ఒంటిగంటకల్లా దిగి రమ్మని హిందీలో గట్టిగా చెప్పాడు.

నడుస్తుంటే అలీముద్దీన్ వెనక్కి తిరిగి చూసి ముచ్చటపడ్డాడు. "నోర్బు పొయ్యి పొగ చూడు, మన ఎంబడే వస్తంది. మనకు తోడు వస్తున్నట్టే."

నిజమే. కింది నుంచి గాలి పైకి వీస్తోంది. పొగ సన్నగా వాలుపొడుగునా వాళ్ల వెంటే పాకి వచ్చింది.

మంచు మొదలైన చోట అలీముద్దీన్ ఆగలేదు. చాలా దూరం లోపలికి నడిచాడు. తర్వాత నిలువునా వెల్లకిలా పడుకున్నాడు. గుప్పెడు మంచు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమినవడ్డది చిచ్చా?" అని సహస్ర అడిగింది.

"ఏం లేదు బేటా. అస్సలు ఏం లేదు."

గనిలో ఎప్పుడూ ఏదో చప్పుడు ఉంటుంది. ఫ్యాను, పంపు, చుక్క చుక్కగా రాలే నీళ్లు, ఎక్కడో పైన సర్దుకునే బండ. రాయమల్లు కూడా పక్కనే పడుకున్నాడు. ఏ చప్పుడూ లేని చోటు భూమ్మీద ఉంటుందని అతనికి యాభై రెండేళ్లకు తెలిసింది. కళ్లు తెరిస్తే నీలం. మూస్తే ఎరుపు. ఒళ్లు తేలిపోతున్నట్టుంది. పైకప్పు లేదు. తట్టి చూడాల్సింది ఏదీ లేదు.

ఒంటిగంట ఎప్పుడు దాటిందో తెలియలేదు.

ఆ తర్వాతే మేఘం వచ్చింది.

* * *

"ఫికర్ చెయ్యకుండ్రి. గాలికి మొకం పెట్టి నడువుండ్రి" అన్నాడు రాయమల్లు.

అతని నమ్మకానికి కారణం ఉంది. గనిలో దీపం ఆరిపోయి దారి తప్పితే మొదట చెయ్యాల్సింది నిలబడి చెంప మీద గాలిని పట్టుకోవడం. మంచి గాలి గని నోట్లోంచి లోపలికి వస్తుంది. దానికి ఎదురు నడిస్తే బయటపడతారు. రాయమల్లు రెండుసార్లు అలాగే బయటపడ్డాడు. ఇప్పుడు కూడా ముఖం అటూ ఇటూ తిప్పాడు. ఒకవైపు చల్లగా తాకింది. అందులో పొగ వాసన.

"నోర్బు పొయ్యి. అటే గుడిసె."

అప్పుడే జేబులోంచి సుద్దముక్క తీసి నవ్వులపాలయ్యాడు.

"అమ్మ ఇచ్చిన కుంకుమ ఉంది బాపు" అంది సహస్ర.

"అది అమ్మవారిది బిడ్డా."

"అమ్మవారు ఏమనదు. అంటే నాకు చెప్పు, నేను మాట్లాడుత" అన్నాడు అలీముద్దీన్.

యాభై అడుగులకొక ఎర్రబొట్టు. సహస్ర చిటికెడు చల్లుతోంది. రాయమల్లు ముందు, చేతిలో నోర్బు ఇచ్చిన కర్ర. మధ్యలో అలీముద్దీన్. చివర సహస్ర. తెల్లటి శూన్యంలో వెనక్కి చూస్తే చివరి బొట్టు ఒక్కటే కనిపించేది. అది గాల్లో వేలాడుతున్నట్టుండేది.

పన్నెండో బొట్టు దగ్గర అలీముద్దీన్ కూలబడ్డాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు.

ఒక్క నిమిషం అరగంటయింది. పక్కనే ఉన్న పెద్ద బండ చాటుకు లాగి కూర్చోబెట్టారు. రాయమల్లు వీపు రుద్దాడు. సహస్ర తన శాలువా కప్పి, ఫ్లాస్కులో మిగిలిన టీ తాగించింది. ముగ్గురూ ఒకరినొకరు ఆనుకుని ముడుచుకున్నారు. మంచు రాలడం మొదలైంది. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆ తెలుపులో కాలం కూడా ఆగినట్టే ఉంది. ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో ఎవరికీ గుర్తులేదు.

మళ్లీ గాలి లేచింది. చెంపకు పదునుగా తగిలింది.

"లేవుండ్రి. దొరికింది దారి."

రాయమల్లు గాలికి ముఖం పెట్టి నడిచాడు. అలీముద్దీన్ చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. పిక్కలు లాగుతున్నాయి. అడుగు అడుగూ బరువు. అయినా అతని మనసు తేలికపడింది. ఇరవై ఏడేళ్లుగా ప్రతిరోజూ డ్యూటీ అయిపోయాక ఇలాగే ఉంటుంది. లోపలికి దిగడం పని. పైకి ఎక్కడం ఇల్లు. పిక్కలు ఎంత లాగితే వెలుతురు అంత దగ్గర. పూలమ్మ వేడినీళ్లు తోడి పెట్టి ఉంటుంది. బకెట్ పక్కన సబ్బుబిళ్ల...

"మల్లూ" అన్నాడు అలీముద్దీన్. "పొగ వాసన ఏది?"

"లేదు. మంచిదే గద!"

ఆ మాట అతని నోట్లోంచి దానంతట అదే వచ్చింది. గనిలో పొగ వాసన రాకపోవడం కంటే మంచి కబురు లేదు.

"మంచిది కాదు. పొగ ఉన్నకాడ గుడిసె. ఇంకో మాట. నా ఊపిరి ఇంతకుముందు కంటె జాస్తి ఆడుతంది. మనం ఎక్కుతున్నం."

"ఎక్కుతున్నం గద! బయటికి పోతున్నం."

"బాపూ!"

సహస్ర అరిచింది. ఆమె చూపిస్తున్న చోట, మూడడుగుల ముందు, మంచు కింది నుంచి గులాబీరంగు మసగ్గా కనిపిస్తోంది. రాయమల్లు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో పైమంచు తుడిచాడు.

ఎర్రబొట్టు. వాళ్లదే.



"గాలి తిరిగింది" అన్నాడు అలీముద్దీన్.

"గాలి ఎట్ల తిరుగుతది?" రాయమల్లు గొంతులో కోపం. "ఇరవై ఏడేండ్ల సంది ఒక్కనాడు తిరగలె!"

"గక్కడ ఫ్యాను ఉన్నది బై. ఇక్కడ ఫ్యాను ఎవరి చేతుల ఉన్నదో?"

రాయమల్లు ఆ బొట్టు మీది మంచును తుడుస్తూనే ఉన్నాడు. స్టేషన్ కిటికీ దగ్గర మైమూనా ముఖం గుర్తుకొచ్చింది. దింపుతానన్న మనిషిని తనే భుజం పట్టి పైకి ఎక్కిస్తున్నాడు. అదీ, ఇంటికి పోతున్నానన్న సంబరంతో.

సహస్ర వచ్చి అతని ముందు కూర్చుంది. బడిలో మొండి పిల్లలతో మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"బాపు, ఇటు చూడు. ఇది గని కాదు. గనిల ఇల్లు పైన ఉంటది. ఇక్కడ మన ఇల్లు కింద ఉంది. నీకు ఏ దిక్కు మంచిగ అనిపిస్తె, దానికి ఉల్టా పోవాలె. అంతే."

* * *

ఎర్రబొట్టు వెంట ఎర్రబొట్టు వెతుక్కుంటూ వెనక్కి దిగారు. ఒకటి దొరికింది. రెండోది గులాబీ మరకలా దొరికింది. మూడోదాని కోసం చేతులతో తవ్వాల్సి వచ్చింది. అక్కడే పెద్ద బండ తగిలింది. ఇందాక కూర్చున్నది దాని చాటునే. ఆ తర్వాత బొట్లు లేవు. దారి లేదు. గాలి ఇప్పుడు ఒకవైపు నుంచి కాకుండా నాలుగువైపుల నుంచీ కొడుతోంది.

అలీముద్దీన్ పెదవులు నల్లబడ్డాయి. "నిద్రొస్తంది మల్లూ. లైటు బంద్ చెయ్యి" అన్నాడు.

"పండుకోకు! డ్యూటీల పండుకుంటె సస్పెండ్ చేస్తరు!"

"చెయ్యనియ్యి. మంచిగున్నది ఇక్కడ. క్యాలెండర్ల కూసున్నట్టే ఉంది..."

రాయమల్లు అతన్ని బండకు ఆనించి, తను నేలమీద బోర్లా పడుకున్నాడు. ఎందుకు పడుకున్నాడో అతనికీ తెలియదు. చెయ్యడానికి ఇంకేమీ లేక, తనకు చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. విన్నాడు. మంచుకు చెవి ఆనించి, కర్ర వెనక కొసతో తట్టాడు. ధబ్. ఇంకో చోట. ధబ్. మోకాళ్ల మీద జరిగి మరో చోట. డుబ్.

డొల్ల.

చెవి అక్కడ పెట్టాడు. మంచుకు చప్పుడు లేదని పొద్దున అలీముద్దీన్ అన్నాడు. ఉంది. చాలా లోపల, ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టు. గలగల కాదు. అంతకంటే మెత్తగా.

"నీళ్లు" అన్నాడు. "కింద నీళ్లు పోతున్నయి."

"గుడిసె పక్కన వాగు ఉంది బాపు! ఈ నీళ్లే అయితయి!"

"నీళ్ల దిక్కు వద్దు" అన్నాడు అలీముద్దీన్ కళ్లు మూసుకునే. మగతలో కూడా ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. గనిలో నీళ్లు పల్లానికి, పంపులుండే చోటికి, పోయి చేరతాయి. నీళ్లు చేరే వైపు మనిషి పోడు. రాయమల్లు ఒళ్లు కూడా అదే చెబుతోంది. పోకు. అది లోపలి వైపు. అది చీకటి వైపు.

ఏది మంచిగ అనిపిస్తే దానికి ఉల్టా.

"ఎక్కు" అన్నాడు, అలీముద్దీన్ ముందు వీపు పెట్టి కూర్చుని. "పంపుల కాడికి పోతున్నం."

అలీముద్దీన్ పెద్ద బరువు లేడు. ఎప్పటి నుంచి ఇంత తేలికయ్యాడో రాయమల్లు గమనించనే లేదు. అతన్ని వీపున కట్టుకున్నట్టు శాలువాతో బిగించింది సహస్ర. కర్ర రాయమల్లు కుడిచేతిలో. అడుగు వేసే ముందు తట్టడం. ధబ్ అంటే గట్టి. డుబ్ అంటే కింద నీళ్లు. నీళ్ల మీద నడవకూడదు, నీళ్లను వదలకూడదు. డొల్ల చప్పుడు ఎప్పుడూ ఎడమచేతి వైపు ఉండాలి.

ధబ్. ధబ్. డుబ్. కొంచెం కుడికి. ధబ్.

ఇంతకాలం తల పైన విన్న చప్పుడును ఇప్పుడు కాళ్ల కింద వింటున్నాడు. ప్రపంచాన్ని ఎవరో తలకిందులు చేసి పెట్టారు. పైకప్పు మీద తనే నడుస్తున్నాడు. నల్లగా ఉండాల్సింది తెల్లగా ఉంది. కిందికి పోతుంటే ఇల్లు దగ్గరవుతోంది. మెడ మీద అలీముద్దీన్ ఊపిరి మాత్రం ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. దాన్ని కూడా లెక్కపెడుతూ నడిచాడు. రెండు అడుగులకు ఒక ఊపిరి. ఒక్కోసారి మూడు అడుగులకు.

"అలీ భాయ్, క్యాలెండర్ల ఎన్ని శిఖరాలు ఉండె?"

రాయమల్లు అతన్ని వీపు మీద ఒకసారి కుదిపాడు.

"అలీ భాయ్!"

"...మూడు."

"ఇయ్యాల మనకు ఏడు కనవడ్డయి. నాలుగు జాస్తి."

సహస్ర వాలు తేలికగా ఉందని రెండడుగులు ముందుకు వెళ్లింది. అదే క్షణంలో రాయమల్లు కర్ర తగిలిన చోటు మోగింది. డుబ్ కాదు. డోలు చప్పుడు. పైకప్పు కూలే ముందు ఒకే ఒక్కసారి వినిపించే చప్పుడు.

"ఎనుకకు!"

గనిలో ఆ కేక వింటే ఎందుకని ఎవరూ అడగరు. టింబర్‌మన్ ఇంట్లో పెరిగిన సహస్ర కూడా అడగలేదు. వెనక్కి దూకింది. ఆమె నిలబడ్డ చోట మంచు మెల్లగా, ఏ తొందరా లేకుండా లోపలికి జారిపోయింది. బావి నోరంత రంధ్రం. లోపల నల్లటి నీళ్లు ఉరుకుతున్నాయి. ఇంతసేపూ గొణిగిన గొంతు ఒక్కసారిగా హోరుమంది.

సహస్ర రెండు చేతులతో తండ్రి చొక్కా పట్టుకుంది.   రాయమల్లు రంధ్రంలోకి చూస్తున్నాడు. నీళ్లు ఎటు పోతున్నాయో ఇప్పుడు కంటికి కనపడుతోంది.

"గటు" అన్నాడు.

* * *

నూట యాభై అడుగులు కూడా నడవలేదు. కర్ర కొస మంచును దాటి రాయికి తగిలి ఖంగుమంది. తర్వాత పచ్చిక. వాగు మంచు కిందినుంచి బయటికి వచ్చి పక్కనే పరుగెత్తింది. పొగ వాసన. గుర్రం మెడలో గంట. ఆ తర్వాత నోర్బు కేకలు. అప్పటికే రెండుసార్లు మంచు అంచుదాకా వచ్చి అరిచి పోయాడట.

గుడిసెలో అలీముద్దీన్‌ను పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. పడుకోబెట్టొద్దని నోర్బు అన్నాడు. కూర్చునే ఉండాలి, వేడి నీళ్లు తాగుతూ ఉండాలి. కాస్త తేరుకోగానే గుర్రం మీద కింది ఊరి దవాఖానకు పోదామన్నాడు. గంటసేపటికి పెదవుల నలుపు తగ్గింది. అప్పుడు నోర్బు తిట్టడం మొదలుపెట్టాడు. అలీముద్దీన్ ఆ తిట్లను తెలుగులోకి మారుస్తూ పోయాడు.

"పొద్దుగాల గాలి ఎక్కుతదంట. ఎండ వోతె దిగుతదంట. రోజూ గట్లనేనంట. గాడిదకు కూడ ఎరుకేనంట."

"గాడిద అన్నది ఎవరిని?"

"ఇద్దరినీ."

"మన ఫ్యానే నయం" అన్నాడు రాయమల్లు.

గుమ్మం దగ్గర నిలబడ్డ సహస్ర పిలిచింది. మేఘం విడిపోతోంది. పొద్దు వాలుతున్న వెలుతురులో మంచువాలు మొత్తం బంగారు రంగులో ఉంది. దాని మీద, మరీ దూరమేమీ కాదు, వాళ్లు కూర్చున్న పెద్ద బండ. అరగంట సేపు లోకం అంచున ఉన్నామనుకున్న చోటు అది. అక్కడి నుంచి గుడిసెకు మహా అయితే మూడొందల అడుగులు. నోర్బు కేకలు, గుర్రం గంట అక్కడికి వినపడాల్సింది; మంచూ మేఘమూ వాటినీ మింగేశాయి.

"గింతేనా!" అన్నాడు అలీముద్దీన్. నవ్వాడు. ఈసారి దగ్గు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

సహస్ర నోర్బును అడిగింది, ఈ వాగు ఎక్కడికి పోతుందని. కింద నదిలోకి, ఆ నది ఇంకో నదిలోకి, అటు పోయి పోయి సముద్రంలోకి అని నోర్బు చెయ్యి దక్షిణానికి చాచి, చాచినట్టే చాలాసేపు ఉంచాడు. ఆ దూరం చెప్పడానికి అతనికి అంతకంటే మాట దొరకలేదు.

"అయితె మనం సముద్రం తొవ్వ పట్టినట్టే మల్లూ" అన్నాడు అలీముద్దీన్ కళ్లు సగం మూసి. "ఆగకుండ ఉంటె పోయే వాళ్లమే..."

అతని మాట అక్కడ ఆగింది. తల వాలింది. రాయమల్లు గబుక్కున పక్కన కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక చేతికి వచ్చిన పని చేశాడు. ఎడమచెయ్యి అతని ఛాతీ మీద పరిచి, దాని మీద కుడిచేతి వేళ్లతో రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు.

ధబ్. లోపల పిల్లికూతలు ఉన్నాయి, గరగర ఉంది. వాటి వెనక ఆగకుండా, తొందర లేకుండా, ఒక చప్పుడు నడుస్తోంది.

"ఏందిర బై? దిమ్మె పెట్టాలెనా?" అన్నాడు అలీముద్దీన్ కళ్లు తెరవకుండానే.

"అవసరం లేదు. నిలవడ్డది."

"మరి చెయ్యి తియ్యి. బరువున్నది."

రాయమల్లు తియ్యలేదు. కింది ఊళ్లో ఫోను ఉంటుందని నోర్బు చెప్పాడు. మైమూనాకు ఏమని చెప్పాలో ఆలోచిస్తూ, నోర్బు గుర్రానికి జీను కట్టేదాకా ఆ చప్పుడు వింటూనే కూర్చున్నాడు.